రీబూట్‌కి ముందు చెప్పాల్సినవి

మా ప్రొడక్ట్ అడుగున నడిచేది డెబియన్ లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్. ఇప్పటిదాకా 12 మీద ఉన్నాం, అంటే బుక్‌వార్మ్. 2025 ఆగస్టు 9న 13 వచ్చింది, దాని పేరు ట్రిక్సీ. ఇప్పుడు దానికి మారుతున్నాం. కస్టమర్ల దగ్గరున్న మెషీన్లను వాళ్ల అడ్మిన్లే అప్‌గ్రేడ్ చేసుకుంటారు. పక్కన కూర్చుని చెప్పడానికి మేం ఉండం కాబట్టి అప్‌గ్రేడ్ చేసే రాత్రి మా తరఫున మాట్లాడేవి రిలీజ్ నోట్సే, అంటే కొత్త వెర్షన్‌తో పాటు ఇచ్చే సూచనలే. వాటిని సర్దడం నా పని. నేను కోడ్ రాయను. కోడ్ రాసినవాళ్లు చెప్పినవీ, చెప్పక్కర్లేదనుకుని వదిలేసినవీ పోగేసి, చదివినవాళ్లు పని చేసుకోగలిగే వరుసలో పెడతాను.

ఆ వరుస గురించే ఈ పోస్టు.

మొదట చేతికొచ్చేది స్ప్రెడ్‌షీట్. నెట్‌వర్క్ టీమ్, స్టోరేజ్ టీమ్, సెక్యూరిటీ టీమ్, ఎవరి ట్యాబ్ వాళ్లు నింపుతారు. టీమ్ పేర్లనే హెడింగులుగా మార్చి, అక్కడక్కడా గ్రామర్ సరిచేసి పీడీఎఫ్ తీస్తే ఓ పూటలో పని అయిపోతుంది. మేనేజర్లకు కూడా అది నచ్చుతుంది, ఎవరు ఎంత పని చేశారో అందులో కనబడుతుంది కదా. కానీ రాత్రి పదకొండింటికి మెయింటెనెన్స్ విండో (మెషీన్ ఆపడానికి అనుమతి ఉన్న సమయం) తీసుకుని కూర్చున్న అడ్మిన్‌కి మా ఆఫీసులో ఎన్ని టీములుంటే ఏంటి? ఇప్పుడు ఏం చేయాలి, చేయకపోతే ఏమవుతుంది, ఈ రెండూ తెలిస్తే చాలు ఆ మనిషికి.

అందుకని నా నోట్స్‌లో హెడింగులు మూడే. మొదలుపెట్టకముందు. ప్యాకేజీలు (సాఫ్ట్‌వేర్ ముక్కలు) మారాక, రీబూట్‌కి ముందు. రీబూట్ అయ్యాక. కొత్త ఫీచర్లు వేరే పేజీకి వెళ్తాయి. ఈ ఒక్క విషయం మీద మార్కెటింగ్ వాళ్లతో ప్రతి రిలీజ్‌కీ గొడవే. కొత్తగా ఏమొచ్చిందో మొదటి పేజీలో లేకపోతే అప్‌గ్రేడ్ ఎందుకు చేస్తారని వాళ్ల ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే, కాకపోతే అది అప్‌గ్రేడ్ చేయాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్లకు వర్తిస్తుంది. నా నోట్స్ తెరిచేవాళ్లు ఆ నిర్ణయం ఎప్పుడో తీసేసుకున్నారు.

డెబియన్ వాళ్ల సొంత రిలీజ్ నోట్స్ చూస్తే అక్కడ కూడా కొత్త విశేషాలు 2వ అధ్యాయంలో వస్తాయి, ఇన్‌స్టాలర్ సంగతి 3లో, అప్‌గ్రేడ్ ఎలా చేయాలో 4లో, జాగ్రత్తపడాల్సిన విషయాలు 5లో. అప్‌గ్రేడ్ మొదలుపెట్టే ముందు 5 కూడా చదవండి అని 4వ అధ్యాయంలో చెబుతారు. అందరి కోసం రాసే పుస్తకం కాబట్టి వాళ్లకు అది కుదురుతుంది. పైగా అది చాలా శ్రద్ధగా రాసిన పుస్తకం, నాకు సగం ముడిసరుకు అక్కడి నుంచే వస్తుంది. కాకపోతే 4 చదువుతూ కమాండ్లు కొట్టుకుంటూ పోయి, 5కి చేరేసరికి చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయ్యేవాళ్లు ఉంటారు. నా నోట్స్ చదివేవాళ్లలో వాళ్లే ఎక్కువ.

ముందు, మధ్య, తర్వాత అని గీతలు గీయడం తేలికే. ఏ విషయం ఏ గీత కింద పెట్టాలన్న దగ్గర చిక్కొస్తుంది. టీములు పంపే షీట్లలో ఒక్కో మార్పూ దాని ప్రభావం ఎప్పుడు కనబడుతుందో ఆ కాలమ్‌లో ఉంటుంది. ఆ లెక్కన చూస్తే సగానికి పైగా "రీబూట్ అయ్యాక" కిందికి వచ్చిపడతాయి. నేను అడిగే ప్రశ్న వేరు. దీని గురించి అడ్మిన్ ఏదైనా చేయగలిగే ఆఖరి ఘడియ ఏది? అది ఎక్కడుంటే ఎంట్రీ అక్కడికి పోవాలి.

డీఎస్‌ఏ కీల సంగతే చూడండి, ఇవి పాస్‌వర్డ్ బదులు లాగిన్‌కి వాడే ఒక పాత రకం కీలు. దూరం నుంచి మెషీన్‌లోకి లాగిన్ అవడానికి వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో వీటిని 2015 నుంచే డిఫాల్ట్‌గా ఆపేసి పెట్టారు, ట్రిక్సీలో వచ్చే వెర్షన్‌లో పూర్తిగా తీసేశారు. పాత సెట్టింగ్‌తో ఇన్నాళ్లూ నెట్టుకొచ్చినవాళ్లు అప్‌గ్రేడ్ తర్వాత లాగిన్ కాలేరు. సెక్యూరిటీ టీమ్ దీన్ని "తర్వాత" కాలమ్‌లో రాసింది, నిజానికి దెబ్బ తగిలేది అప్పుడే మరి. కానీ తలుపు మూసుకుపోయాక బయట నిలబడి ఆ ఎంట్రీ చదివి ఏం లాభం? కొత్త కీ పెట్టుకోవాల్సింది ముందే, కాబట్టి మొదటి భాగంలోకి తెచ్చాను.

బూట్ పార్టిషన్ (మెషీన్ స్టార్ట్ అవడానికి కావాల్సిన ఫైళ్లుండే డిస్క్ భాగం) కూడా అంతే. కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ), ఫర్మ్‌వేర్ (హార్డ్‌వేర్ లోపల నడిచే సాఫ్ట్‌వేర్) ప్యాకేజీలు బాగా లావెక్కాయి. పార్టిషన్ కనీసం 768 ఎంబీ ఉండాలి, అందులో 300 ఎంబీ దాకా ఖాళీ ఉండాలి అని డెబియన్ వాళ్ల సలహా. చోటు సరిపోకపోతే అది బయటపడేది ప్యాకేజీలు సగం మారాక. అప్పుడు పార్టిషన్ సైజు పెంచుకుంటూ కూర్చునే ఓపిక ఎవరికుంటుంది? డేటాబేస్ కూడా చెప్పుకోవాలి. మారియాడీబీ పెద్ద వెర్షన్ మారేటప్పుడు పాత సర్వర్‌ని సవ్యంగా ఆపి ఉండాలి, క్రాష్ అయిన స్థితి నుంచి కొత్త వెర్షన్ దాన్ని లేపలేదు. లేవనప్పుడు తెలుసుకుంటే ఏం చేస్తారు? సర్వర్‌ని ఆపే మాట ముందు రావాలి.

మధ్య భాగం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, చాలా నోట్స్‌లో ఆ భాగమే ఉండదు. ప్యాకేజీలు మారిపోయాయి, పాత కెర్నల్ ఇంకా నడుస్తోంది, రీబూట్ ఇంకా కొట్టలేదు. ఈ కాసేపు చాలా విలువైనది. కొత్త సాఫ్ట్‌వేర్ ఏం చేయబోతోందో అడిగి తెలుసుకోవచ్చు, మెషీన్ ఇంకా మన చేతిలోనే ఉంది. ట్రిక్సీలో కొన్ని మెషీన్లకు నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్ పేర్లు మారే అవకాశం ఉంది. కాన్ఫిగరేషన్‌లో పాత పేరుంటే రీబూట్ అయ్యాక నెట్‌వర్క్ రాదు, దూరం నుంచి పని చేస్తున్న అడ్మిన్‌కి గుండె ఆగినంత పనవుతుంది. కొత్త పేరు ఏమవుతుందో రీబూట్‌కి ముందే యూడెవ్‌ఏడీఎమ్ కమాండ్‌తో చూసుకోవచ్చు, చూసి కాన్ఫిగరేషన్ మార్చేసుకోవచ్చు. ఎన్‌క్రిప్ట్ చేసిన డిస్కుల సంగతి కూడా ఈ భాగంలోదే. వాటిని తెరిచే సిస్టమ్‌డీ క్రిప్ట్‌సెటప్ ఇప్పుడు విడి ప్యాకేజీ అయింది. మామూలుగా దానంతట అదే ఇన్‌స్టాల్ అవుతుంది, కానీ రికమెండెడ్ ప్యాకేజీలు వద్దని సెట్టింగ్ పెట్టుకున్న మెషీన్లలో రాకపోవచ్చు. అది ఉందో లేదో రీబూట్ కొట్టే ముందు ఒక్కసారి చూసుకోమనాలి. ఇవి మొదటి భాగంలో పెట్టి లాభం లేదు, అప్పటికి కొత్త ప్యాకేజీలే లేవు. మూడో భాగంలో పెడితే చదివే అవకాశమే ఉండదు.

ఇక చప్పుడు చేయకుండా మారేవి ఉంటాయి. ఎర్రర్ రాదు, లాగ్‌లో పడదు, అంతా బాగున్నట్టే ఉంటుంది. ఇవి టీముల షీట్లలోకి చాలా తక్కువగా వస్తాయి, ఎవరి టెస్టూ వీటి మీద ఫెయిల్ కాదు కాబట్టి. ఈసారి ఇలాంటివి రెండున్నాయి.

ఒకటి సిస్‌సీటీఎల్ డాట్ కాన్ఫ్ ఫైల్. సెట్టింగుల డైరెక్టరీ అయిన ఈటీసీలో ఉండే ఈ ఒక్క ఫైల్‌లో కెర్నల్ సెట్టింగులు రాసి పెట్టుకోవడం ఏళ్ల తరబడి అలవాటు. ట్రిక్సీలో బూట్ సమయంలో సర్వీసులను మొదలుపెట్టే సిస్టమ్‌డీ ఈ ఫైల్‌ని చదవదు. సెట్టింగులు సిస్‌సీటీఎల్ డాట్ డీ అనే డైరెక్టరీలో విడి ఫైళ్లుగా ఉండాలి. ఫైల్‌లో రాసినవి మాత్రం డిస్క్ మీదే ఉంటాయి. తెరిచి చూస్తే రాసినవన్నీ చక్కగా కనబడతాయి. పని మాత్రం చేయవు. ఈ మార్పు గురించి నాకు షీట్‌లో వచ్చిన లైన్ ఇది:

"సిస్‌సీటీఎల్ హ్యాండ్లింగ్‌ని కొత్త పద్ధతికి అలైన్ చేశాం."

ఇందులో అబద్ధమేమీ లేదు, చదివినవాళ్లకు ఒరిగేదీ లేదు. డెవలపర్ దగ్గరికి వెళ్లి కూర్చుంటే ఐదు నిమిషాల్లో మిగతాదంతా చెప్పాడు. "ఇది చిన్న మార్పే కదండీ, డాక్యుమెంట్ చేయాలా?" అని కూడా అడిగాడు. కోడ్ వైపు నుంచి చూస్తే చిన్నదే. చివరికి నోట్స్‌లోకి వెళ్లింది ఇలా (ఐపీ ఫార్వర్డింగ్ అంటే ఒక నెట్‌వర్క్ నుంచి వచ్చినదాన్ని ఇంకోదానికి పంపడం):

"ఎవరికి: ఈ మెషీన్‌ను రూటర్‌లా వాడుతూ, ఐపీ ఫార్వర్డింగ్‌ను సిస్‌సీటీఎల్ డాట్ కాన్ఫ్‌లో ఆన్ చేసి పెట్టుకున్నవాళ్లకు. ఏమవుతుంది: రీబూట్ తర్వాత ఫార్వర్డింగ్ ఆగిపోతుంది. ఏ ఎర్రరూ రాదు. మెషీన్‌కి పింగ్ వెళ్తుంది, దాని వెనకున్న నెట్‌వర్క్‌కి వెళ్లదు. ఏం చేయాలి: ఇప్పుడే, 12 మీద ఉండగానే, ఆ లైన్లను సిస్‌సీటీఎల్ డాట్ డీ డైరెక్టరీలో కొత్త ఫైల్‌లోకి మార్చండి. పాత వెర్షన్ కూడా ఆ డైరెక్టరీని చదువుతుంది. ఎలా సరిచూసుకోవాలి: రీబూట్ తర్వాత ఐపీ ఫార్వర్డింగ్ విలువ 1 అని చూపాలి."

రెడ్ హ్యాట్ అనే లైనక్స్ కంపెనీ వాళ్ల బగ్గుల జాబితా బగ్‌జిల్లాలో డాక్ టెక్స్ట్ అని ఒక గడి ఉండేది. కారణం, పర్యవసానం, సవరణ, ఫలితం అని నాలుగు ముక్కలుగా నింపాలి. నా నాలుగు ముక్కలు దాన్ని చూసి తయారైనవే. కారణం తీసేసి "ఎవరికి" పెట్టాను. బగ్ ఫిక్స్ చదివేవాళ్లకు కారణం కావాలి. అప్‌గ్రేడ్ నోట్స్ చదివేవాళ్లకు ముందు ఇది నాకు సంబంధించిందా కాదా అన్నది తేలాలి. సంబంధం లేకపోతే ఆ క్షణమే కిందికి జారిపోవచ్చు. మంచి నోట్స్‌లో ఎక్కువ భాగం చదవకుండా వదిలేయగలిగేలా ఉండాలని నా అభిప్రాయం.

రెండోది టెంప్ డైరెక్టరీ, తాత్కాలిక ఫైళ్లు పెట్టుకునే చోటు. ట్రిక్సీలో ఇది డిఫాల్ట్‌గా డిస్క్ మీద కాకుండా మెమరీలో ఉంటుంది, ర్యామ్‌లో సగం దాకా వాడుకోగలదు. చిన్న మెషీన్ మీద పెద్ద బ్యాకప్ ఫైల్‌ని కాసేపు అక్కడ పెట్టే స్క్రిప్టులకు ఇది ఇబ్బంది. ఇందులో ఇంకో మెలిక ఉంది. అప్‌గ్రేడ్‌కి ముందు అక్కడున్న పాత ఫైళ్లు పోవు, కొత్త మౌంట్ (దాని మీద తగిలించిన మెమరీ) కింద దాగిపోతాయి. కనబడవు, కానీ డిస్క్ మీద చోటు తింటూనే ఉంటాయి. రూట్‌ని (డిస్క్ మీది మొదటి డైరెక్టరీని) వేరే చోట బైండ్ మౌంట్ చేసి, అంటే ఇంకో దారిలో తెరిచి చూస్తే దొరుకుతాయి. అదంతా రాయడం కన్నా "మొదలుపెట్టకముందు టెంప్ ఖాళీ చేయండి" అని మొదటి భాగంలో ఒక లైన్, "చేయలేదా, ఇలా వెతకండి" అని మూడో భాగంలో ఒక లైన్ పెట్టాను. పాత పద్ధతే కావాలంటే ఆ మౌంట్ యూనిట్‌ని మాస్క్ చేయొచ్చు, అంటే మొదలవకుండా ఆపేయొచ్చు.

ఒకే విషయం రెండు చోట్ల రాయకూడదని డాక్యుమెంటేషన్‌లో ఒక పట్టింపు ఉంది. మామూలు మాన్యువల్‌కి అది సరైనదే. ఇక్కడ మాత్రం చేసే పని ఒక చోట, సరిచూసుకునే లైన్ ఇంకో చోట ఉండక తప్పదు. రెండింటికీ ఒకే నంబర్ ఇస్తాను. ఆ నంబర్ ఎప్పటికీ మారదు, మధ్యలో ఒక ఎంట్రీ తీసేసినా మిగతావి జరగవు. సపోర్ట్‌కి ఫోన్ చేసినవాళ్లు "14 దగ్గర ఆగిపోయానండీ" అంటే అవతలివాళ్లకు వెంటనే అర్థం కావాలి.

నోట్స్ రాశాక వర్చువల్ మెషీన్ మీద నేనే అప్‌గ్రేడ్ చేస్తాను, నోట్స్‌లో ఉన్నది తప్ప ఇంకేమీ తెలియనట్టు. సెషన్ మొత్తం స్క్రిప్ట్ కమాండ్‌తో రికార్డ్ చేసుకోమని డెబియన్ వాళ్లే సలహా ఇస్తారు. ఏదైనా చెడితే పనికొస్తుందని వాళ్ల ఉద్దేశం, నాకు మాత్రం ఇంకో రకంగా ఉపయోగం. రికార్డింగ్ వెనక్కి తిప్పి చూస్తే మనిషి చేయి ఎక్కడెక్కడ ఆగిందో తెలుస్తుంది. మొదట ఆగేది ఏపీటీ లిస్ట్‌ఛేంజెస్ దగ్గర. స్క్రీన్ నిండా మార్పుల చిట్టా వచ్చి నిలబడిపోతుంది. హ్యాంగ్ అయిందనుకుని కనెక్షన్ కట్ చేసేవాళ్లు ఉంటారు. క్యూ నొక్కితే ముందుకు పోతుందని ఒక లైన్ చాలు, ఓ సపోర్ట్ కాల్ తగ్గినట్టే.

తర్వాత కాన్ఫిగరేషన్ ఫైల్ ప్రశ్న. ఈ ఫైల్‌ని మీరు మార్చారు, ప్యాకేజీతో కొత్తది వచ్చింది, ఏది ఉంచమంటారు? వై అంటే కొత్తది, ఎన్ అంటే పాతది, డీ అంటే తేడా చూపమని, జెడ్ అంటే షెల్ తెరిచి చూసుకుంటానని. ఏమీ చెప్పకుండా ఎంటర్ కొడితే పాతదే ఉంటుంది. ఎక్కువ సందర్భాల్లో అదే క్షేమం, కానీ అన్నిసార్లూ కాదు. మా ప్రొడక్ట్ మార్చే ఫైళ్లు కొన్ని ఉన్నాయి, వాటికి మేం ముందే కొత్త రూపం సిద్ధం చేసి పెట్టాం, అక్కడ వై కొట్టాలి. అడ్మిన్ సొంతంగా మార్చుకున్న ఫైళ్లకు ఎన్. "మీ అవసరాన్ని బట్టి ఎంచుకోండి" అని రాసే నోట్స్ చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ అవసరమేంటో తెలిస్తే నోట్స్ ఎందుకు తెరుస్తారు? ఫైల్ పేరు, పక్కన నొక్కాల్సిన అక్షరం, అంతే ఒక చిన్న పట్టిక. పట్టికలో లేని ఫైల్ వస్తే డీ నొక్కి తేడా చూడమని కింద ఒక మాట.

ముడిసరుకు పోగేసే పని రిలీజ్ ముందు వారం మొదలుపెడితే ఎవరికీ ఏమీ గుర్తుండదు. ఫ్రీబీఎస్‌డీ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్‌లో కమిట్ మెసేజ్‌లోనే (కోడ్ మార్పుతో పాటు రాసే చిన్న వివరణలోనే) "రెల్‌నోట్స్: యస్" అని ఒక లైన్ పెట్టే పద్ధతుంది, తర్వాత వెతికి పట్టుకోవచ్చు. సోర్స్ నుంచి కట్టుకునేవాళ్ల కోసం అప్‌డేటింగ్ అనే ఫైల్ ఉంటుంది, తేదీలవారీగా, కొత్తది పైన. రోజూ వెంటబడేవాళ్లకు అది చక్కగా పనికొస్తుంది, ఏడాదికోసారి దూకేవాళ్లకు అదే వరుస తలకిందులుగా అనిపిస్తుంది. ఓపెన్‌స్టాక్ అనే క్లౌడ్ సాఫ్ట్‌వేర్ వాళ్ల రెనో అనే టూల్ ప్రతి మార్పుతోపాటు ఒక చిన్న ఫైల్ రాయిస్తుంది, అందులో అప్‌గ్రేడ్ అని విడిగా ఒక గడి ఉంటుంది. ఫెడోరా అనే లైనక్స్‌లో ఏదైనా మార్పు ప్రతిపాదించేటప్పుడే అప్‌గ్రేడ్ మీద దాని ప్రభావమేంటో రాయాలి. వీటిలో ఏది పట్టుకున్నా పరవాలేదు. మేం మెర్జ్ రిక్వెస్ట్ (కోడ్ మార్పుని కలపమని అడిగే) ఫారంలో ఒక్క ప్రశ్న పెట్టుకున్నాం: "ఇప్పటికే నడుస్తున్న మెషీన్‌లో ఇది పెడితే ఎవరికైనా ఏదైనా మారుతుందా?" ఇంతకుముందు అక్కడ "రిలీజ్ నోట్ అవసరమా?" అని ఉండేది. దానికి జవాబు ఎప్పుడూ "అవసరం లేదు" అనే వచ్చేది.

తీవ్రత గుర్తుల గురించి ఒక మాట. "ముఖ్యం", "అతి ముఖ్యం" లాంటి రంగురంగుల డబ్బాలు మొదట నాలుగైదు రకాలుండేవి. ప్రతి టీమ్‌కీ తన మార్పే అతి ముఖ్యం, చివరికి పేజీ అంతా ఎరుపే. ఇప్పుడు ఒకే గుర్తు ఉంచాను: ఇక్కడి నుంచి వెనక్కి దారి లేదు. డెబియన్‌లో కొత్త వెర్షన్ నుంచి పాతదానికి దిగిరావడానికి సపోర్ట్ లేదు. స్నాప్‌షాట్‌కో (మెషీన్ ఆ క్షణపు నకలు) బ్యాకప్‌కో తిరిగి వెళ్లడం ఒక్కటే మార్గం. అందుకని ఆ గుర్తు కనబడిన చోటల్లా పైన ఒక లైన్ ఉంటుంది, స్నాప్‌షాట్ తీశారా, తీసింది తెరుచుకుంటోందా అని. వెర్షన్‌ని దాటేయడం కూడా కుదరదు. 11 మీద ఉన్న కస్టమర్లు ముందు 12కి రావాలి, తర్వాత 13. రెండు దూకుళ్లనూ ఒకే నోట్స్‌లో కలిపి ఇమ్మని సేల్స్ నుంచి అడిగారు. ఒప్పుకోలేదు. 12లో ఫర్మ్‌వేర్‌ని నాన్‌ఫ్రీ (స్వేచ్ఛా లైసెన్స్ లేని ప్యాకేజీల) భాగం నుంచి విడదీసి వేరే భాగంలో పెట్టారు, ప్యాకేజీలు ఎక్కడి నుంచి తెచ్చుకోవాలో చెప్పే సోర్సుల జాబితాలో దాన్ని చేర్చకపోతే కొన్ని కార్డులకు ఫర్మ్‌వేర్ అప్‌డేట్లు రావు. అది మొదటి దూకుడులో తేలాల్సిన సంగతి. రెండూ కలిపితే ఏ రీబూట్‌కి ముందో అర్థం కాదు.

విడుదలయ్యాక కూడా పని ఆగదు. సపోర్ట్ వాళ్లకు వచ్చే కాల్స్‌లో ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వినబడితే అది నోట్స్‌లోకి రావాల్సిందే. పేజీ పైన ఏ తేదీన ఏ నంబర్ మారిందో రాస్తాను, వారం క్రితం ప్రింట్ తీసుకున్నవాళ్లు అది ఒక్కటి చూసుకుంటే చాలు. ఎర్రర్ మెసేజ్‌లు మాత్రం స్క్రీన్ మీద ఎలా వస్తే అక్షరం పొల్లుపోకుండా అలాగే పెడతాను. టెన్షన్‌లో ఉన్న మనిషి ఆ మెసేజ్‌నే కాపీ చేసి సెర్చ్‌లో వేస్తారు.

ఈసారి ఇంకా తేలనిది ఒకటుంది. మేం అమ్మిన పాత మోడల్ ఒకదానిలో నెట్‌వర్క్ కార్డ్ పేరు మారుతుందా లేదా అని. ల్యాబ్‌లో ఆ మోడల్ లేదు, ఎక్కడి నుంచో తెప్పిస్తున్నారు. అది వచ్చి, పేరు మారదని తేలితే ఆ ఎంట్రీ తీసేస్తాను. మారుతుందని తేలితే కొత్త పేరుతో సహా మధ్య భాగంలోకి వెళ్తుంది. విడుదల రోజుకి ఆ మెషీన్ రాకపోతే, ఆ మోడల్ వాడుతున్నవాళ్లు కన్సోల్ కనెక్షన్ (నెట్‌వర్క్ లేకపోయినా మెషీన్‌ని చేరే దారి) దగ్గర పెట్టుకునే మొదలుపెట్టండి అని మొదటి భాగంలో పెట్టేస్తాను.